నడింట్లో వాన

పోయిన వేసవి సెలవుల్లో మన గ్రూపులో నేనొక ఫొటో పెట్టాను, గుర్తుందా? ఇండియా వెళ్తూ దారిలో శ్రీలంకలో నాలుగు రోజులు ఆగాం. అక్కడ బెంటోట దగ్గర దిగిన బస ఫొటో అది. ఇంటి మధ్యలో కప్పు లేదు. నాలుగు పక్కలా పెంకుల చూరులు, మధ్యలో రాళ్ళు పరిచిన వాకిలి, ఒక చెట్టు, దాని మీద వాన. వసారాలో పేము కుర్చీలో మా అమ్మాయి కాళ్ళు చాపుకుని కూర్చుని, చేతిలో ఫోన్ లేకుండా వాన చూస్తోంది. ఆ ఫొటోకి వచ్చినన్ని హార్టులు నా పెళ్ళి ఫొటోలకి కూడా రాలేదు. రాత్రికి ఎంత తీసుకున్నారని చాలామంది అడిగారు. చెప్పాక కొందరు నోరు వెళ్ళబెట్టిన బొమ్మ పెట్టారు.

అదే ఫొటో అమ్మకి పంపాను. అమ్మ ఉండేది కోనసీమలో, అమలాపురానికి కాస్త దూరంగా, కాలవగట్టు పక్కన ఉన్న మా ఊళ్ళో. వెంటనే వీడియో కాల్ చేసింది.

"ఇదేంటే, ఇది మన మండువాయే కదా! దీనికి డబ్బులు కట్టి మరీ పడుకున్నారా?"

నవ్వేశాను. కానీ ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఎందుకంటే సరిగ్గా రెండు నెలల్లో మా మండువా ఇంటిని పడగొట్టడానికి అన్నీ సిద్ధం చేసుకుని ఉన్నాం. జేసీబీ వాడితో మాట కూడా అయిపోయింది.

ఆ తర్వాత ఏమైందో చెప్పమని మీలో కొందరు అడుగుతూనే ఉన్నారు. మన డబ్లిన్‌లో ఏ పుట్టినరోజుకి వెళ్ళినా, లివర్‌మోర్ గుడిలో ప్రసాదం వరుసలో నించున్నా, "ఊళ్ళో ఇల్లు ఏం చేద్దామనుకుంటున్నారు?" అనే మాట రాకుండా ఉండదు. అందుకే మా కథ రాస్తున్నాను. ఇందులో నా తప్పు కూడా ఉంది, దాన్నీ దాచను.

ఆ ప్లాన్ నాదే

మా ఇల్లు ముత్తాతగారు కట్టింది. ముందు అరుగులు, గుమ్మం దాటగానే సావిడి, తర్వాత మండువా, దాని చుట్టూ గదులు, వెనక వంటిల్లు, ఆ వెనక దొడ్డి, నుయ్యి. నాన్న పోయాక అమ్మ ఒక్కతే ఉంటోంది. పెంకులు జారుతున్నాయి, రెండు వాసాలకి చెద పట్టింది. అన్నయ్య టెక్సాస్ నుంచి, నేను ఇక్కణ్ణుంచి ఫోన్‌లో మాట్లాడుకుని కొత్తది కట్టేద్దామనుకున్నాం.

ఎలాంటి ఇల్లు? ఆ ఆలోచన నాదే. ఈస్ట్ డబ్లిన్‌లో మా ఇల్లు నాకు చాలా ఇష్టం. రెండంతస్తుల ఎత్తు హాలు, గోడంత గాజు కిటికీలు, హాల్లోకి తెరిచి ఉండే వంటిల్లు. ఆ ఫొటోలన్నీ తీసి రాజమండ్రిలో ఒక డిజైనర్‌కి పంపాను. ఆయన వాటికి ముందు నాలుగు పెద్ద స్తంభాలు కూడా కలిపి, రంగురంగుల త్రీడీ బొమ్మ పంపించారు. నాలుగు బెడ్‌రూములు, నాలుగింటికీ ఏసీలు, కింద అంతా పాలరాయి. చూసి మురిసిపోయాం. ఏడాదిలో 3 వారాలుండే మేము కోరుకున్న ఇల్లు అది. మిగతా 49 వారాలు అందులో ఉండే మనిషిని మాత్రం ఎవరూ ఏమీ అడగలేదు.

శ్రీలంకలో చూసిందేమిటో ముందు చెప్తాను. దాంతోనే నా కళ్ళు తెరుచుకున్నాయి.

ఒక లాయరుగారి తోట

మా బసకి దగ్గర్లోనే, దెద్దువ అనే చెరువు ఒడ్డున, లునుగంగ అని ఒక తోట ఉంది. దాన్ని చూపించడానికి గైడ్లు తీసుకెళ్తారు. ఆ తోట జెఫ్రీ బావాగారిది. (పేరు చెప్పగానే అమ్మ "ఎవరి బావే?" అంది.) ఆయన 1919లో కొలంబోలో పుట్టారు. మొదట లాయరు. 1948లో ఇక్కడొక పాత రబ్బరు తోట కొన్నారు. అందమైన తోటగా మార్చాలని ఊహలైతే ఉన్నాయి కానీ ఎలా చెయ్యాలో తెలియలేదు. దాంతో లండన్ వెళ్ళి ఆర్కిటెక్చర్ చదివారు. 1957లో ఆర్కిటెక్ట్ అయ్యేనాటికి ఆయనకి 38 ఏళ్ళు. ఇక ఆలస్యమైపోయింది అనుకునే మనలాంటి వాళ్ళకి ఇదొక్కటి చాలు. తర్వాత శ్రీలంక పార్లమెంటు భవనం కూడా ఆయనే కట్టారు. 2001లో ఆగాఖాన్ అవార్డు వారు ఆయన జీవితకాల కృషికి ప్రత్యేక పురస్కారం ఇచ్చారు. 2003లో పోయారు.

ఇవాళ బాలీలో, థాయ్‌లాండ్‌లో, మాల్దీవుల్లో "ట్రాపికల్ లగ్జరీ" పేరుతో మనం చూసే రిసార్టుల్లో చాలావాటికి ఆయన ఇళ్ళే ఒరవడి. గోడలు తక్కువ, వసారాలు ఎక్కువ. ఇల్లెక్కడ ఆగిందో తోటెక్కడ మొదలైందో తెలియదు. కప్పు మాత్రం పెద్దది, చూరు బాగా కిందికి దిగి ఉంటుంది. వానా ఎండా లోపలికి రావు, గాలి మాత్రం వస్తుంది. అక్కడ లగ్జరీ అంటే నీడ, గాలి, వాన చప్పుడు. పాలరాయి కాదు.

ఆ తోటలోనే ఇంకో ఇల్లుంది. అది నాకు మరీ నచ్చింది, ఎందుకంటే దాని వెనక ఒక ఆడమనిషి ఉంది. ఎనా డి సిల్వా అని బాతిక్ కళాకారిణి. 1960లో కొలంబోలో ఇల్లు కట్టుకోవాలనుకున్నప్పుడు, తనకి పాతకాలపు ఇల్లులా నడిమి వాకిలి ఉన్నదే కావాలని అడిగారు. సింహళంలో ఆ నడిమి వాకిలిని "మెద మిదుల" అంటారు. అప్పటికి కొలంబోలో షోకైన ఇల్లంటే చుట్టూ ఖాళీ వదిలి మధ్యలో కట్టే ఇంగ్లీషు బంగళా. పట్నంలో స్థలం చిన్నది. బావాగారు చుట్టూ గోడ కట్టేసి, వదలాల్సిన ఖాళీని ఇంటి మధ్యలోకి తెచ్చారు. విదేశీ సామాన్లు దొరకని రోజులవి. అందుకని ఊళ్ళో దొరికే పెంకు, చెక్క, రాయి, సున్నంతోనే కట్టారు. 1962కి పూర్తయింది. ఆ తర్వాత శ్రీలంకలో ఇళ్ళు కట్టే తీరే మారిపోయిందంటారు.

చాలా ఏళ్ళకి ఆవిడ ఆ స్థలం అమ్మేశారు. కొత్తగా కొన్నవాళ్ళకి ఇల్లు అక్కర్లేదు. అప్పుడేం చేశారో తెలుసా? ఇంటిని విప్పారు. రాళ్ళకీ తలుపులకీ స్తంభాలకీ నంబర్లు వేసి, బండ్ల మీద లునుగంగకి తీసుకొచ్చి, ఎక్కడివక్కడ మళ్ళీ పేర్చారు. గైడ్ ఆ మాట చెప్తుంటే నేను తల వంచుకున్నాను. వాళ్ళు రాళ్ళకి నంబర్లు వేసుకుంటే, మేము జేసీబీకి అడ్వాన్సు ఇచ్చాం.

అలాగని అక్కడంతా స్వర్గం అని చెప్పను. ఇదే బావాగారు దంబుల్లా దగ్గర కందలమ చెరువు ఒడ్డున కట్టిన హోటల్‌ని ఇవాళ పర్యావరణానికి ఆదర్శంగా చూపిస్తారు. కొండని చెక్కకుండా, కొండ మీది నీళ్ళు భవనం కిందనుంచి చెరువులోకి పోయేలా స్తంభాల మీద నిలబెట్టారు. మొత్తం తీగలు కప్పేసి అడవిలో కలిసిపోయింది. కానీ 1990ల మొదట్లో అది కట్టబోతుంటే చెరువు పాడవుతుందని చుట్టుపక్కల జనం, బౌద్ధ భిక్షువులు పెద్ద గొడవే చేశారు. "పర్యావరణ హితం" అనే బోర్డు చూడగానే నమ్మెయ్యక్కర్లేదు. నీళ్ళెక్కణ్ణుంచి వస్తున్నాయి, మురుగెక్కడికి పోతోంది, అంతకుముందు ఆ నేలలో ఏముండేది అని అడగాలి. బాలీలో విల్లాల కోసం వరిపొలాలే పోతున్నాయి. మన కోనసీమలో వరిచేలు చెరువులైపోయింది చూసినవాళ్ళం, మనకి అది కొత్త కాదు.

డబ్లిన్ ఆకాశం వేరు, కోనసీమ ఆకాశం వేరు

తిరిగొచ్చాక కొంచెం చదివాను, తెలిసినవాళ్ళని అడిగాను. నా ప్లాన్‌లో తప్పెక్కడో అప్పుడు అర్థమైంది.

మన డబ్లిన్‌లో వేసవి ఎలా ఉంటుంది? ఎండ మండిపోతుంది, ఒక్కోరోజు 100 ఫారన్‌హీట్ దాటుతుంది. కానీ చెమట పట్టదు, గాలి పొడిగా ఉంటుంది. పొద్దు గుంకితే సముద్రం వైపు నుంచి చల్లగాలి వచ్చి, తెల్లారేసరికి 60కో అంతకన్నా కిందికో దిగిపోతుంది. అంటే ఇక్కడ రాత్రే మనకి ఏసీ. పగలు తలుపులు మూసి, రాత్రి తెరిస్తే ఇల్లు చల్లబడుతుంది. కొందరిళ్ళల్లో అటక మీద పెద్ద ఫ్యాన్ ఉంటుంది చూడండి, హోల్ హౌస్ ఫ్యాన్ అని. అది చేసేది అదే పని. వేడిగాలిని పైకి తోసేసి కిటికీల్లోంచి చల్లగాలిని లాగుతుంది. చలికాలంలో గాజు కిటికీలోంచి వచ్చే ఎండ మనకి హాయి. పైగా 2020 నుంచి కాలిఫోర్నియాలో కొత్తగా కట్టే ఇళ్ళకి సోలార్ పలకలు తప్పనిసరి చేశారు. గాజుగోడల ఇల్లు ఇక్కడ ఎలాగో నడిచిపోతుంది.

కోనసీమ అలా కాదు. గౌతమి, వసిష్ఠ పాయల మధ్య, సముద్రం పక్కన, చుట్టూ కాలవలు. దాదాపు దీవిలాంటి నేల. గాలిలో తడి ఎక్కువ. మే నెలలో రాత్రి కూడా పెద్దగా చల్లబడదు. ఒంటికి పట్టిన చెమట ఆరాలంటే గాలి కదలాలి, అంతే. అలాంటిచోట పడమటి ఎండకి ఎదురుగా రెండంతస్తుల గాజుగోడ పెట్టి తలుపులు బిగిస్తే ఏమవుతుంది? ఎండ లోపలికొస్తుంది, వేడి బయటికి పోదు. కరెంటు ఉన్నంతసేపూ ఏసీ తిరగాలి. కరెంటు పోతే అమ్మ ఆ పాలరాతి మీద విసనకర్రతో కూర్చోవాలి.

మండువా చేసే పని దీనికి సరిగ్గా తిరగబడి ఉంటుంది. వేడిగాలి తేలిక, పైకి పోతుంది. ఇంటి మధ్య కప్పు లేదు కాబట్టి అది పోవడానికి దారి ఉంది. అది పోతుంటే ముందు గుమ్మంలోంచి, దొడ్డి గుమ్మంలోంచి కొత్త గాలి వస్తుంది. వీధి గుమ్మానికీ దొడ్డి గుమ్మానికీ ఎదురెదురుగా తలుపులు పెట్టింది అందుకే. చూరు కిందికి దిగి ఉంటుంది కాబట్టి గోడకి ఎండ తగలదు. గదులన్నిటికీ బయటివైపు ఊచల కిటికీ, లోపలివైపు మండువాలోకి తలుపు. ఏ గదిలో పడుకున్నా గాలి ఒకవైపు నుంచి ఇంకోవైపుకి పోతుంది. వాన పడితే నాలుగు చూరుల నీళ్ళూ మండువాలో పడి తూములోంచి దొడ్లోకి పోతాయి. మూలన గంగాళం పెడితే నిండిపోయేది. చూరునీళ్ళతో పప్పు బాగా ఉడుకుతుందని మామ్మ పట్టి ఉంచేది.

కేరళ వాళ్ళ నాలుకెట్టు, చెట్టినాడు వాళ్ళ ముట్రం, సింహళంవాళ్ళ మెద మిదుల, మన మండువా, అన్నీ ఒకే ఎండకీ ఒకే వానకీ చెప్పిన జవాబులు. నేను చేసిన పొరపాటు ఏంటంటే, డబ్లిన్ ఆకాశానికి చెప్పిన జవాబుని తీసుకెళ్ళి కోనసీమ ఆకాశానికి అప్పజెప్పబోయాను.

ఇంకో సంగతి కూడా ఉంది. ప్రపంచంలో మనుషులు గాలిలోకి వదిలే కార్బన్ డయాక్సైడ్‌లో సుమారు 7, 8 శాతం ఒక్క సిమెంటు తయారీ నుంచే వస్తుంది. ఉన్న ఇంటిని పడగొట్టి కొత్తది కట్టి, పైన నాలుగు సోలార్ పలకలు పెట్టి "గ్రీన్ హౌస్" అనుకుంటే ఎలా? ఉన్న గోడ నిలబడే ఉంటే దాన్ని నిలబెట్టుకోవడమే అన్నిటికన్నా పొదుపు.

"మరి ఊడ్చేదెవరు?"

ఇదంతా తెలుసుకుని మహా ఉత్సాహంగా ఊరెళ్ళాను. "అమ్మా, ఇల్లు పడగొట్టట్లేదు. ఉన్నది ఉన్నట్టుగా బాగుచేయిద్దాం" అన్నాను. సంతోషపడుతుందనుకున్నాను. అమ్మ కాఫీ గ్లాసు కింద పెట్టి నావైపు చూసింది.

"నువ్వు వాన చూస్తావు. ఊడ్చేదెవరే?"

నాకేం మాట్లాడాలో తెలియలేదు. ఆవిడ ఒక్కోటీ చెప్పుకొచ్చింది. వాన వెలిశాక మండువాలో పాచి పడుతుంది, రెండేళ్ళ కింద జారి పడి చెయ్యి విరిగింది మర్చిపోయావా? ఎండాకాలం ఆకులు, వానాకాలం కప్పలు, కప్పల కోసం పాములు. గదికీ గదికీ మధ్య జానెడు గడప, మోకాళ్ళ నొప్పులతో రోజుకి ఎన్నిసార్లు దాటాలి? రాత్రి బాత్రూముకి వెళ్ళాలంటే దొడ్లోకి పోవాలి, లైటు వేసుకుని, కర్ర పట్టుకుని. దోమలు సరేసరి.

"అయినా ఆ రోజుల్లో మండువాలో కూర్చుని వాన చూసిందెవరు? మీ తాతగారు, మీ నాన్న. మేం వంటింట్లో పొగలో ఉన్నాం. మీ మామ్మ ఆరున్నర దశాబ్దాలు ఈ ఇంట్లో ఉంది, ముందు అరుగు మీద కూర్చోవడం నువ్వెప్పుడైనా చూశావా?"

లేదు, చూడలేదు. నెలసరి రోజుల్లో అమ్మకి దొడ్డివైపు వసారాలో చాప, చెంబు వేరే పెట్టడం మాత్రం చూశాను. ఆ మండువా మధ్యలోంచి నడవడానికి ఆవిడకి ఆ మూడు రోజులూ లేదు. రిసార్టు ఫొటోల్లో ఇవేవీ కనపడవు. లునుగంగలో గడ్డి అంత పచ్చగా ఉందంటే పొద్దున్నే తోటమాలులు వంగి ఆకులేరుతున్నారు కాబట్టి. డబ్బులు తీసుకుని ఆ పని చేసేవాళ్ళున్నారు. మన ఇళ్ళల్లో అది జీతం లేని పని, దానికో పేరు కూడా లేదు.

చివరగా అమ్మ ఇంకో మాటంది. "96 తుఫాను రాత్రి మర్చిపోయావా?"

అది ఎలా మర్చిపోతాను. 1996 నవంబర్ 6. నేను హైస్కూల్లో ఉన్నాను. గాలికి పెంకులు ఎగిరిపడుతుంటే నాన్న మమ్మల్ని దుప్పట్లు కప్పి పక్కింటి డాబాలోకి పరిగెత్తించారు. తెల్లారి చూస్తే కొబ్బరితోటలు నేలకి ఒరిగి ఉన్నాయి, ఇంటి కప్పు సగం లేదు. ఆ తుఫానులో మా సీమలో, చుట్టుపక్కల వెయ్యిమందికి పైగా పోయారు. తర్వాత రెండేళ్ళలో మా వీధిలో పెంకుటిళ్ళు ఒక్కోటీ డాబాలయ్యాయి. అది షోకు కాదు, భయం. మన పెద్దవాళ్ళు మండువాలు పడగొట్టేశారని నిట్టూర్చే ముందు ఈ భయాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలని నాకప్పుడు తెలిసింది.

ఇల్లు మంచిదే. కానీ అది ఎవరికి మంచిదో అడగకపోతే, నా గాజుమేడకీ ఈ మండువా ముచ్చటకీ తేడా లేదు. రెండూ నా కోసమే.

చివరికి ఏం చేశామంటే

అమ్మ, అన్నయ్య, వదిన, నేను, ఊళ్ళో పాత మేస్త్రిగారు, నాలుగు రోజులు కూర్చున్నాం. మేస్త్రిగారు గోడలు కొట్టి చూసి, "ఆయ్, గోడలకేం రోగం లేదండి. గానుగ సున్నం అండి, మనకన్నా గట్టిదండి. కప్పుకే వైద్యం కావాలి" అన్నారు. జేసీబీ అడ్వాన్సు వదిలేసుకున్నాం.

ముందు భాగం, మండువా ఉంచాం. చెదపట్టిన వాసాలు మార్చాం. పెంకులన్నీ దింపి కడిగి, పగిలినవి తీసేసి, పడగొడుతున్న వేరే ఇంటి నుంచి కొన్న పాత పెంకులతో సరిపెట్టాం. పెంకుల కింద ఒక షీటు పొర వేయించాం. బావాగారు కూడా ముడతల సిమెంటు రేకు మీద పెంకులు పరిచేవారు. వాన కారదు, కోతులు పెంకు జరిపినా తడవదు. ఆయన రోజుల్లో అవి ఆస్‌బెస్టాస్ రేకులు. అది ఊపిరితిత్తులకి చేటని ఇప్పుడు తెలుసు కాబట్టి మేము అది లేని రకమే అడిగి తెప్పించాం. చూరు అంచు పెంకుల్ని తీగతో బిగించాం. మండువా మీద పక్షులూ ఆకులూ పడకుండా సన్నటి వల, గదుల కిటికీలకి దోమతెరలు.

మండువాలో నున్నటి నాపరాయి తీసేసి గరుకు రాయి వేయించాం. తూము పెద్దది చేసి, నీళ్ళు నూతి పక్కన ఇంకుడుగుంటలోకి పోయేలా చేశాం. చుట్టూ చేతికి అందేలా గోడకి కమ్మీ పెట్టించాం. గడపల దగ్గర వాలుపలక వేశాం. శాస్త్రం ఒప్పుకోదన్నారెవరో. "మోకాలు నాది, శాస్త్రం నాకు తెలుసు" అంది అమ్మ.

వెనక పొగ వంటిల్లు మాత్రం పూర్తిగా తీసేశాం. ఆ జాగాలో రెండు గదులు: వెలుతురొచ్చే కొత్త వంటిల్లు, పక్కనే బాత్రూముతో అమ్మ పడకగది. ఈ రెండింటికీ స్లాబే. తుఫానొస్తే ఇరుగుపొరుగు పదిమందైనా అందులో ఉండొచ్చు. ఆ స్లాబులో పెంకులు పేర్చి వేశారు. కాంక్రీటు అడుగున పెద్దగా పని లేని చోట్ల దాని బదులు మంగుళూరు పెంకులు పెట్టే పద్ధతి ఇది. ఫిల్లర్ స్లాబ్ అంటారు. కాంక్రీటు తగ్గుతుంది, వేడీ తగ్గుతుంది. కేరళలో స్థిరపడిన ఇంగ్లీషాయన లారీ బేకర్ (1917–2007) దీన్ని బాగా వ్యాప్తిలోకి తెచ్చారు. గోడలకి కూడా ఆయన వాడిన పద్ధతే: ఇటుకని పడుకోబెట్టకుండా నిలబెట్టి, మధ్యలో గాలి ఖాళీ వదిలి కడతారు. ఇటుకలు నాలుగో వంతు దాకా కలిసొస్తాయి, ఎండ లోపలికి దిగదు. మా మేస్త్రిగారు మొదట తల అడ్డంగా ఊపారు. ఇంజనీరుగారు కాగితం మీద గీసి, ఒక చిన్న గోడ కట్టించి చూపించాక ఒప్పుకున్నారు.

ఏసీ పెట్టామా? పెట్టాం. అమ్మ గదిలో ఒక్కటి. మే నెలలో రాత్రులు ఆవిడకి నిద్ర కావాలి. పైన సోలార్ ఉంది. దానికి నేనేం సిగ్గుపడట్లేదు.

ఊడ్చే సంగతి కూడా తేల్చాం. ఇంటిపనికి వచ్చే ఆవిడకి జీతం పెంచాం, మండువా శుభ్రానికి వారానికి రెండు రోజులు ఇంకొకరిని పెట్టాం. ఆ ఖర్చు అన్నయ్యా నేనూ చెరిసగం. ఇల్లు నిలబెట్టే ఖర్చులో సున్నం, పెంకు ఎంత ముఖ్యమో ఇదీ అంతే.

మీ ఇంటి సంగతి

మీలో చాలామందికి ఇలాంటి నిర్ణయమే ఎదురుగా ఉంటుంది. నేను ఆర్కిటెక్టుని కాను, కానీ ఒకసారి కాలు జారబోయిన అక్కగా నాలుగు మాటలు చెప్తాను.

పడగొట్టాలని నిర్ణయించే ముందు పాత ఇళ్ళ మీద పనిచేసిన ఇంజనీరుకి ఒకసారి చూపించండి. కప్పు పాడైతే ఇల్లు పాడైనట్టు కాదు. పడగొట్టక తప్పకపోతే, ముందు కొలతలు తీసి, ప్రతి గదినీ ఫొటో తీసి పెట్టుకోండి. తలుపులు, స్తంభాలు, పెంకులు విప్పి దాచండి.

ఇక్కడి ఇంటి ఫొటో అక్కడి డిజైనర్‌కి పంపకండి. దాని బదులు మూడు ప్రశ్నలు పంపండి. మా ఊళ్ళో గాలి ఏ వైపు నుంచి వస్తుంది? పడమటి గోడకి నీడ ఎలా ఇస్తారు? కరెంటు పోతే ఏ గదిలో కూర్చోగలం? వీటికి జవాబు లేకుండా వచ్చిన త్రీడీ బొమ్మ ఎంత బాగున్నా పక్కన పెట్టండి.

ఇప్పటికే డాబా ఉంటే బాధపడక్కర్లేదు. పైన తెల్లటి సున్నం పూతో, ఎండని తిప్పికొట్టే తెల్ల పెయింటో వేయించండి. గదిలో తేడా తెలుస్తుంది. తెలంగాణ ప్రభుత్వం 2023లో దీనికోసమే కూల్ రూఫ్ విధానం తెచ్చింది. పడమటివైపు కిటికీలకి పొడుగాటి చూరు దింపండి, ఒక వేపచెట్టు వెయ్యండి.

అన్నిటికన్నా ముందు, ఆ ఇంట్లో ఉండబోయే మనిషిని అడగండి. అమ్మో, అత్తగారో, పిన్నో. "ఎలాంటి ఇల్లు కావాలి?" అంటే "మీ ఇష్టం అమ్మా" అంటారు. అలా అడగొద్దు. "ఈ ఇంట్లో నీకు ఏది కష్టంగా ఉంది?" అని అడగండి. మా అమ్మకి ఆ ఒక్క ప్రశ్న డెబ్భై ఏళ్ళు దాటాక ఎదురైంది, అదీ నేను అడగకుండా ఆవిడే చెప్తే.

మొన్న జూన్‌లో తొలకరి పడ్డ రోజు ఇక్కడ మాకు రాత్రి పది. అమ్మ వీడియో కాల్ చేసింది. మాట్లాడలేదు, ఫోన్ తిప్పి చూపించింది. నాలుగు చూరుల నుంచి నీళ్ళు ధారగా పడుతున్నాయి. మా అమ్మాయి నా భుజం మీంచి తొంగి చూసి, "అమ్మమ్మా, సౌండ్ పెంచు!" అంది. కొత్త కమ్మీ పట్టుకుని, వసారాలో పేము కుర్చీ దగ్గరికి నడిచి, అమ్మ కూర్చుంది. చేతిలో కాఫీ ఉంది.

"ఏం చేస్తున్నావే అమ్మా?" అన్నాను.

"ఏం లేదే. వాన చూస్తున్నా" అంది.

మీ ఊళ్ళో ఇంటి కథ కూడా రాసి పంపండి. నిలబెట్టుకున్నా, పడగొట్టేసినా, అమ్మేసినా సరే. వచ్చే సంచికలో ఇంకొకరి నిర్ణయానికి అది అక్కరకొస్తుంది.